హంసపాదు పడే చోటు

సభకు నమస్కారం.

రాస్తూ రాస్తూ ఒక మాట మరిచిపోయినప్పుడు, రెండు పదాల నడుమ చిన్న గుర్తు వేసి, విడిచిన మాటను పైన చేరుస్తాం. ఆ గుర్తును మన పెద్దలు హంసపాదు అన్నారు. పొరపాటును సరిచేసే గుర్తుకు ఇంత అందమైన పేరు పెట్టుకున్న మనమే, రాసినదాన్ని దిద్దుకోవడం మాత్రం చిన్నతనమని అనుకుంటాం. రచన నేర్పే తరగతిలో ఏటా నాకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. "మొదట వచ్చిందే సహజంగా ఉంటుందండీ, మళ్ళీ ముట్టుకుంటే చెడిపోతుంది" అని విద్యార్థులు ఎంతో నిజాయితీగా చెబుతారు. ఆ మాట వెనుక ఆశుకవిత్వం మీద మనకు తరతరాలుగా ఉన్న గౌరవం ఉంది. కలమూ కాగితమూ లేకుండా ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య కూర్చుని పద్యాలు చెప్పే అవధానిని చూసి పొంగిపోయే జాతికి, కొట్టివేతలతో నిండిన కాగితం ప్రతిభ చాలలేదనడానికి సాక్ష్యంలా కనిపించడం సహజమే.

అయితే ఆ అవధానాన్నే కాస్త దగ్గరగా గమనించండి. నిషిద్ధాక్షరి అనే అంశంలో అవధాని ఒక్కో అక్షరం పలుకుతూ ఉంటే, తర్వాత ఏ అక్షరం రాబోతుందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అప్పుడు అవధాని, నాలుక చివరిదాకా వచ్చిన పదాన్ని వదులుకుని, ఛందస్సు చెడకుండా, అర్థం తెగకుండా మరో పదానికి మళ్ళాలి. చివర ధారణ వేళ ఆ పద్యాలన్నిటినీ తిరిగి వినిపించాలి. వచ్చిన మొదటి మాటను కాదనుకోవడం, మరో మాటను వెతకడం, మొత్తాన్ని మళ్ళీ ఒకసారి చెవిన వేసుకోవడం: నేను తరగతిలో దిద్దుబాటు పేరుతో నేర్పాలని ప్రయత్నించేది సరిగ్గా ఇదే. అవధాని మనసులో, సభ ఎదుట, క్షణాల్లో చేసే పనికి మనం కాగితాన్నీ కొన్ని వారాల వ్యవధినీ తీసుకుంటున్నాం, అంతే.

వ్యవధి తీసుకున్నవారిలో అందరికంటే ముందు నాకు గుర్తొచ్చేది గురజాడ. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆయన అక్కడితో ఆగినా తప్పుపట్టేవారు ఉండేవారు కారు. అయినా ఆ నాటకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఇది మరో నాటకమా అన్నంతగా తిరగరాసి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈనాడు మనం చదివేదీ ఆడేదీ ఆ కూర్పునే. మనందరికీ తెలిసిన మధురవాణి నిండుగా ఎదిగింది ఈ పన్నెండేళ్ళ తిరగరాతలోనే. కథలు రాయాలనుకునే వారిని ఆ రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. ఏ సంభాషణ పెరిగింది, పెరిగినందువల్ల ఆ మనిషి గురించి మనకు కొత్తగా ఏం తెలిసింది అని ప్రతిచోటా ఆగి ఆలోచించమంటాను. రాయడానికి పనికొచ్చే చదువు నెమ్మదిగానే సాగుతుంది.

ఇక మన కాగితాల సంగతికి వస్తాను. ఒక విద్యార్థిని తన తాతగారి గురించి రాసిన వ్యాసంలో ఈ వాక్యం ఉంది; ఆమె అనుమతితోనే చదువుతున్నాను. "మా తాతయ్య మరణించడం జరిగిన తర్వాత మా ఇంట్లో ఒక విధమైన నిశ్శబ్దం అలుముకుంది, ఆయన యొక్క ఖాళీ మంచాన్ని చూసి నాయనమ్మ యొక్క కళ్ళు చెమర్చాయి." ఇందులో వ్యాకరణం తప్పలేదు. "మరణించడం జరిగిన" అన్నది కార్యాలయ ప్రకటనల నుంచి వచ్చింది. "యొక్క" రెండుచోట్లా అనవసరం. అయితే వాటిని తీసేసినంత మాత్రాన వాక్యానికి ప్రాణం రాదు. నిశ్శబ్దం అలుముకోవడమూ, కళ్ళు చెమర్చడమూ ఏ ఇంటికైనా సరిపోయే మాటలు. అందుకని ఎర్రసిరా జోలికి పోకుండా ఒకే ప్రశ్న అడిగాను: "ఆ మంచాన్ని మీ నాయనమ్మ ఏం చేసిందమ్మా?" (మొదటి ఏళ్ళలో నేను ప్రతి కాగితాన్నీ ఎర్రసిరాతో నింపేవాణ్ణి. తప్పులు పోయేవి, వాటితో పాటు రాసినవారి గొంతూ పోయేది. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.)

మరుసటి వారం ఆమె తెచ్చిన వాక్యాలు ఇవి. "తాతయ్య మంచం నవారును నాయనమ్మ విప్పి, ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ అల్లింది. బిగించేటప్పుడు రెండో కొస పట్టుకోమని నన్ను పిలిచింది."

విప్పి, ఉతికి, ఆరేసి అన్న క్రియలు ఎలా నడిచాయో చూడండి. తెలుగు వాక్యం ఎంత పొడవైనా భారం కాకుండా ఉండటానికి ఒక ముఖ్యమైన కారణం ఈ అసమాపక క్రియలు. అవన్నీ ఒకే మనిషి చేతుల్లో ఉన్నంతవరకు పాఠకుడు అలసిపోడు. "నేను బస్సు దిగి, చీకటి పడింది" అన్నప్పుడు దిగినవారు ఒకరు, పడినది మరొకటి కావడంతో వాక్యం మధ్యలో విరిగిపోతుంది. పైగా మన క్రియ చివర వస్తుంది. "ఆ ఉత్తరాన్ని చించేశానని అమ్మకు" అన్నంతవరకు చదివినవారికి, చెప్పినట్టో చెప్పనట్టో తెలియదు. ఆ చివరి అక్షరాల కోసం పాఠకుడు ఊపిరి బిగబట్టి ఉంటాడు కనుక, అంతసేపు ఎదురుచూసినందుకు తగిన క్రియ అక్కడ ఉండాలి. "జరిగింది", "ఉన్నది" వంటి నీరసమైన క్రియలతో ఆ చోటును నింపడం పాఠకుడికి అన్యాయం చేయడమే. అందుకే చిత్తుప్రతిని పైకి చదువుతూ ప్రతి వాక్యం చివరి మాట కింద గీత గీయమని అడుగుతాను. గీత పడిన మాటలను మాత్రమే వరుసగా చదివితే, ఆ పేజీలో నిజంగా ఏమైనా జరుగుతోందో లేదో తేలిపోతుంది.

ఫోన్‌లో రాసేవారికి మరొక మాట చెప్పాలి. తెర మీద చెరిపిన మాట జాడ లేకుండా పోతుంది. ఏది వదులుకున్నామో తిరిగి చూసుకునే వీలుండదు. కనుక సాపు చేసే ముందు ప్రతి చిత్తునూ తేదీ వేసి విడిగా దాచుకోండి, కుదిరితే కాగితం మీద అచ్చు తీసుకోండి.

ఆ విద్యార్థిని చేసింది అదే. నెల తర్వాత అచ్చు తీసిన కాగితంతో వచ్చింది. నేను మెచ్చుకున్న రెండు వాక్యాలూ అలాగే ఉన్నాయి. రెండో వాక్యం చివర మాత్రం పెన్సిలుతో ఒక హంసపాదు వేసి, పైన చిన్న అక్షరాలతో ఇలా చేర్చింది: "గట్టిగా లాగు, ఆయనకు వదులుగా ఉంటే నిద్రపట్టదు, అంది."