ముందు ఎవరి గదికి వెళ్తావ్?

అందరికీ నమస్కారమండీ. ఇందాక లోపలికొస్తుంటే ఇద్దరు ముగ్గురు ఒకటే మాట అడిగారు, అక్కా మాకు 35 దాటాయి ఇప్పుడు నర్సింగ్‌లో చేరితే అయ్యే పనేనా అని. నేను చేరినప్పుడు నాకు 38. తెనాలిలో బీకాం చదివి, పెళ్లయి డాలస్ వచ్చి, ఇద్దరు పిల్లల్ని స్కూల్లో వేసేదాకా ఇంట్లోనే ఉన్నా. ఇప్పుడు నర్సుగా మెడ్ సర్జ్ ఫ్లోర్‌లో, అంటే జబ్బులతో వచ్చినవాళ్ళూ ఆపరేషన్ అయినవాళ్ళూ ఉండే వార్డులో, నైట్ షిఫ్ట్ చేస్తున్నా, రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా. నాకు తెలిసింది మొత్తం చెప్తా, మధ్యలో ఆపి అడగండి, ఏం పర్లేదు.

ముందు వీసా సంగతి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉన్నవాళ్ళు కాలేజీలో చదువుకోవచ్చు, దానికి అడ్డు లేదు. ఉద్యోగానికి మాత్రం పర్మిషన్ కావాలి, మీ ఆయనకి ఐ140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయి ఉంటే ఈఏడీకి, అంటే పని చేసుకునే పర్మిట్‌కి పెట్టుకోవచ్చు, ఆ రూల్ 2015లో వచ్చింది. మీ పేపర్లు ఏ స్టేజ్‌లో ఉన్నాయో లాయర్ని అడిగి తెలుసుకుని దిగండి, చదువయ్యాక తెలుసుకోవడం కాదు.

అప్లికేషన్ దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. మన డిగ్రీని ఇక్కడ ఎవాల్యుయేషన్‌కి, అంటే ఇక్కడి చదువుతో పోల్చి చూడటానికి పంపితే, డిగ్రీ అని ఒప్పుకున్నా నర్సింగ్‌కి కావాల్సిన సబ్జెక్టులు అందులో ఉండవు. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు ల్యాబ్‌తో సహా, మైక్రోబయాలజీ, ఇంగ్లీష్ కాంపోజిషన్, సైకాలజీ, ఇవి కమ్యూనిటీ కాలేజీలో చేసుకోవాలి. ఊళ్ళో బీఎస్సీ జువాలజీ చేసినవాళ్ళకి కూడా చాలా చోట్ల సైన్సు సబ్జెక్టులు 5 ఏళ్ళో 7 ఏళ్ళో దాటితే చెల్లవు. నేనేం చేశానంటే, వయసు అయిపోతోందన్న కంగారులో అనాటమీ, మైక్రో రెండూ ఒకే సెమిస్టర్లో తీసుకున్నా, చిన్నోడికి అప్పుడు 4 ఏళ్ళు, మైక్రోలో సీ గ్రేడు వచ్చింది. చాలా ప్రోగ్రాముల్లో సీట్లు పాయింట్ల లెక్కన ఇస్తారు, సైన్సు గ్రేడ్లు, టీస్ అనే ఎంట్రన్స్ పరీక్ష స్కోరు కలిపి చూస్తారు, ఆ ఒక్క సీ వల్ల మొదటిసారి నాకు సీటు రాలేదు. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చా. మళ్ళీ మైక్రో ఒక్కటే తీసుకుని ఏ తెచ్చుకున్నా, ఏడాది పోయింది. ఒక సెమిస్టర్‌కి ఒక సైన్సు సబ్జెక్టు, చాలు, మెల్లగా వెళ్ళినవాళ్ళే ముందు చేరతారు ఇక్కడ. టీస్ అంటే 209 నిమిషాల్లో 170 ప్రశ్నలు, రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. లెక్కలు మనవాళ్ళకి ఈజీనే, సైన్సు మీద కూర్చోండి.

సీటొచ్చాక టీకాల కాగితాలు అడుగుతారు, ఇది మనకి సంబంధించిన విషయం, శ్రద్ధగా వినండి. మన చేతి మీద చిన్నప్పుడు టీబీకి వేసిన బీసీజీ టీకా మచ్చ ఉంటుంది కదా, దానివల్ల చర్మం మీద చేసే టీబీ టెస్ట్ మనకి టీబీ లేకపోయినా పాజిటివ్ రావచ్చు. నాకు రెండో రోజుకి చెయ్యి ఇంత దద్దురు లేచింది, ఎక్స్‌రే తీయించి, డాక్టర్ లెటర్ తెచ్చేసరికి క్లినికల్స్, అంటే ఆస్పత్రిలో చేసే ప్రాక్టికల్స్, మొదలయ్యే గడువు మీదకొచ్చేసింది. బీసీజీ వేయించుకున్నాం, రక్త పరీక్ష చేయండి అని ముందే అడగండి, క్వాంటిఫెరాన్ అంటారు, బీసీజీకీ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు అసలు చదువు. మనం చిన్నప్పట్నుంచి బట్టీ పట్టి పాసైన వాళ్ళం, గైడు కంఠతా పడితే ఫస్ట్ క్లాస్ వచ్చేది. ఇక్కడ ఆ పద్ధతి పనిచేయదు, ఎందుకో ఒక ప్రశ్నతో చెప్తా. నీకు నలుగురు పేషెంట్లు. ఒకాయనకి నిన్న ఆపరేషన్ అయింది, నొప్పి 10కి 6 అంటున్నాడు. ఒకావిడకి షుగర్ 210. ఇంకొకాయనకి ఎప్పట్నుంచో ఉన్న సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు, ఆక్సిజన్ 90 శాతం. నాలుగో ఆవిడకి థైరాయిడ్ తీసేశారు, మూతి చుట్టూ చిమచిమలాడుతోంది అంటోంది. ముందు ఎవరి గదికి వెళ్తావ్? నేను ఆక్సిజన్ అని పెట్టా, తప్పు. సీఓపీడీ ఉన్నవాళ్ళకి 90 మామూలే. మూతి చిమచిమ అంటే థైరాయిడ్ తీసేటప్పుడు పక్కన ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులకి దెబ్బ తగిలి కాల్షియం పడిపోతోందని, చూడకపోతే గొంతు కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడదు. నలుగురినీ చూడాల్సిందే, కానీ ముందు ఎవర్ని అన్నది కంఠతా పడితే రాదు, ఎందుకు అని అడుగుతూ చదివితేనే వస్తుంది. చివర్లో లైసెన్స్‌కి రాసే ఎన్‌క్లెక్స్ కూడా ఇలాగే, కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, 5 గంటలు, మన జవాబుని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న మారుస్తుంది.

మందుల లెక్కలకి వేరే పరీక్ష ఉంటుంది. 250 ఎంఎల్‌లో 25,000 యూనిట్ల హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), గంటకి 1,200 యూనిట్లు పోవాలి, పంపు ఎంత మీద పెట్టాలి? గంటకి 12 ఎంఎల్. ఇక్కడిదాకా ఐదో క్లాసు లెక్క. కానీ 0.5 అని రాయకుండా ఉత్త చుక్క పెట్టి 5 రాస్తే తప్పు, 5 అని రాయాల్సిన చోట 5.0 రాసినా తప్పే, ఆ చుక్క ఎవరికైనా కనపడకపోతే పేషెంట్‌కి 10 రెట్ల మందు వెళ్తుంది. మా లెక్చరర్ ఇది చెప్పిన రోజు నుంచి ఇంట్లో సరుకుల చిట్టీలో కూడా ముందు సున్నా పెట్టే రాస్తున్నా.

ఇంక ఇంటి సంగతి. నర్సా, వాళ్ళవీ వీళ్ళవీ ఎత్తాలా అని మావాళ్ళు ఫోన్లో అన్నారు, బాధపడ్డా. మొదటి క్లినికల్‌లో 80 ఏళ్ళ ఒక పెద్దాయనకి పక్క మీదే ఒళ్ళు తుడవాలి. వేడినీళ్ళ గిన్నె, తువ్వాళ్ళు, నా చేతులు వణుకుతున్నాయి. ఒక్క భాగం తుడిచి, అది కప్పి, అప్పుడు ఇంకోటి తీయాలి, మనిషి మొత్తం ఎప్పుడూ బయటపడకూడదు. వీపు తుడుస్తుంటే ఆయన కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత మావాళ్ళ మాటలు నన్ను తాకలేదు.

క్లినికల్ రోజు పొద్దున 5కే బయల్దేరాలి, కాబట్టి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. సర్దుకుంటాంలే అనుకుంటే సర్దుకోదు. మా ఆయన బాక్సులు కట్టడం నేర్చుకున్నారు, మా అత్తగారు ఇండియా నుంచి 6 నెలలు వచ్చి ఉన్నారు, పక్కింటి తమిళావిడ పిల్లల్ని స్కూల్లో దింపింది. నోరు తెరిచి అడిగా, అందరూ చేశారు.

మీ డిగ్రీ మార్కుల మెమోలు తెచ్చుకున్నవాళ్ళు ఆ చివరి టేబుల్ దగ్గరికి రండి, ఒక్కొక్కరివి చూసి ఏ సబ్జెక్టు ముందు తీసుకోవాలో రాసిస్తా, ఇవాళ నాకు షిఫ్ట్ లేదు.