సగటు ఒక్కటే చూస్తే సరిపోదు: మీన్, మీడియన్, స్టాండర్డ్ డీవియేషన్

హాయ్ అండి, పెన్ను పేపర్ తీసుకోండి, ఊరికే చూస్తే ఈ లెక్కలు గుర్తుండవు, నాతో పాటు వేయాల్సిందే.

స్క్రీన్ మీద ఐదు నంబర్లున్నాయి, 2, 4, 6, 8, 10. కూడితే 30, 5తో భాగిస్తే 6, అదే మీన్, అంటే మనకి తెలిసిన సగటే. వరుసగా పేర్చాక సరిగ్గా మధ్యలో ఉన్నది మీడియన్, అదీ 6. ఇప్పుడు ఆ చివరి 10 తీసేసి 100 పెడుతున్నా చూడండి, మీన్ ఏకంగా 24కి వెళ్లిపోయింది, ఐదింట్లో నాలుగు నంబర్లు దానికి చాలా కిందే ఉండిపోయాయి, మీడియన్ మాత్రం 6 దగ్గర నుంచి కదల్లేదు. అందుకే ఎవరైనా సగటు జీతం ఇంత అంటే నేనైతే మీడియన్ ఎంతో కూడా అడుగుతా.

సరే, 100 తీసేసి మళ్లీ 10 పెట్టేశా. పక్కన ఇంకో సెట్, 5, 6, 6, 6, 7. దీని మీన్ 6, మీడియన్ కూడా 6, కానీ రెండు సెట్లూ ఒకటేనా, కానే కాదు కదా, మొదటిది బాగా చెదిరిపోయి ఉంది, రెండోది ఒకేచోట గుమిగూడి ఉంది. ఈ చెదురుని కొలిచేదే స్టాండర్డ్ డీవియేషన్, ఈ పేరు పెట్టింది కార్ల్ పియర్సన్ అనే ఇంగ్లిష్ గణాంక శాస్త్రవేత్త, 1890లలో.

మొదటి సెట్‌లో ఒక్కో నంబర్‌లోంచి 6 తీసేస్తే -4, -2, 0, 2, 4, వీటిని కూడితే సున్నా వస్తుంది, ఏ డేటా తీసుకున్నా ఇంతే, అందుకే ముందు స్క్వేర్ చేస్తాం, 16, 4, 0, 4, 16, మొత్తం 40. 5తో భాగిస్తే 8, ఇది వేరియన్స్. దాని స్క్వేర్ రూట్ దాదాపు 2.83, అదే స్టాండర్డ్ డీవియేషన్. రెండో సెట్‌కి మీరే వేయండి, 0.63 రావాలి.

ఇక అందరూ తికమకపడేది, కొన్నిసార్లు 5 బదులు 4తో ఎందుకు భాగిస్తారు? ఈ ఐదూ పెద్ద డేటాలోంచి తీసిన శాంపిల్ అనుకోండి, అప్పుడు మనకి అసలు మీన్ తెలీదు, ఈ ఐదింటి నుంచే లెక్కేసిన మీన్ వాడుతున్నాం, అది సహజంగానే ఈ ఐదింటికే దగ్గరగా ఉంటుంది, అసలు మీన్ నుంచి కొలిచి ఉంటే ఆ 40 ఇంకా పెరిగేదే తప్ప తగ్గేది కాదు. అంటే 5తో భాగిస్తే చెదురుని తక్కువగా అంచనా వేస్తున్నట్టే, 4తో భాగిస్తే వేరియన్స్‌లో ఆ లోటు సగటున సరిపోతుంది. 40ని 4తో భాగిస్తే 10, రూట్ 3.16. ఎక్సెల్‌లో ఎస్‌టీడీఈవీ డాట్ ఎస్ కొడితే ఇదే వస్తుంది, డాట్ పీ కొడితే 2.83 వస్తుంది, మీ దగ్గరున్నది శాంపిలా మొత్తం డేటానా చూసుకుని కొట్టండి.