సరెండర్ అంటే లొంగడమేనా?

మిత్రులారా, నమస్కారం.

సరెండర్ అనగానే చేతులు పైకెత్తిన సైనికుడు, తెల్లజెండా గుర్తుకొస్తాయి. కానీ ఇంగ్లీషులో ఈ మాట మొదట స్థిరపడింది యుద్ధభూమిలో కాదు, భూమి పత్రాల్లో. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి న్యాయస్థానాల్లోకి ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి. కౌలుకు తీసుకున్నవాడు గడువు తీరకముందే భూమిని యజమానికి తిరిగి అప్పగిస్తే, అది సరెండర్. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో ఈ అర్థమే కనిపిస్తుంది. శత్రువుకు తనను తాను అప్పగించుకోవడం అనే వాడుక ఆ తర్వాతిది. బీమా పాలసీ సరెండర్ చేశాను అంటాం చూడండి, అందులో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. అక్కడ ఎవరూ ఓడిపోలేదు కదా!

మాటను విప్పితే లోపల లాటిన్ 'రెడ్డెరె' ఉంది. 'రె' అంటే తిరిగి, 'దారె' అంటే ఇవ్వడం. ఈ 'దారె', మన 'దానం'లోని సంస్కృత 'దా' ధాతువు ఒకే మూలం నుంచి వచ్చినవి. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మరి తెలుగులో? లొంగడం అంటే వంగడం. బలం ముందు వంగుతాం. అందుకే లొంగదీయడం అనే క్రియ కూడా ఉంది, ఆ పని ఎదుటివాడు చేస్తాడు. శరణుకు అలాంటి రూపం లేదు. శరణు వేడతాం, శరణు కోరతాం, శరణు పొందుతాం. ఎవరూ మనని 'శరణుదీయలేరు'. శరణం అంటే ఇల్లు, రక్షకుడు అని అమరకోశం అర్థం చెబుతుంది. ఆగతి అంటే రావడం. అంటే శరణాగతిలో ఉన్నది నడక. 'బుద్ధం శరణం గచ్ఛామి'లో కూడా క్రియ 'వెళ్తున్నాను' అనే. వెళ్లేది నేను, నా కాళ్లతో.

అందుకే భక్తి గురించి రాసేటప్పుడు సరెండర్‌ను 'లొంగిపోవడం' అని అనువదిస్తే నాకు బాధగా ఉంటుంది. శ్రీవైష్ణవులు శరణాగతిని ఆరు విధాలుగా చెబుతారు. రక్షిస్తాడనే విశ్వాసం అందులో ఒకటి. ఇంకొకటి ఆత్మనిక్షేపం. నిక్షేపం అంటే నమ్మకంతో ఒకరి దగ్గర దాచుకున్న సొమ్ము, ఇప్పటి మాటల్లో డిపాజిట్. వంగినవాడికి ఈ మాట సరిపోదు. నమ్మి అప్పగించినవాడికే సరిపోతుంది. కౌలు భూమిని యజమాని చేతిలో పెట్టిన ఆ పాత రైతుకూ, 'నేను నీవాణ్ణి' అన్న భక్తుడికీ మధ్య ఉన్న చుట్టరికం ఇదే.