నేలటూరు పొగను పట్టే ఖర్చు ఎవరిది?

(దృశ్యం: ముత్తుకూరు వైపు నుంచి కనిపించే పొగగొట్టాలు)

నమస్కారం. నెల్లూరు జిల్లా నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ ప్లాంటులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. వాటిలో ఒక్కటి రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే సుమారు 16 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బూడిద చేలమీద పడితే రైతు నిలదీస్తాడు. ఈ వాయువుకు రంగూ వాసనా లేవు, అడిగేవారూ లేరు.

దీన్ని పట్టి వాడుకోవడానికో, భూగర్భంలో దాచడానికో 2026-27 కేంద్ర బడ్జెట్ ఐదేళ్లకు 20 వేల కోట్ల రూపాయలు ప్రతిపాదించింది. విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, రిఫైనరీలు, రసాయనాలు అన్నిటికీ కలిపి అంతే.

(యానిమేషన్: బాయిలర్ నుంచి పొగ, రెండు పొడవాటి స్తంభాలు)

పొగలో ఈ వాయువు ఏడెనిమిదో వంతే, మిగిలినదంతా చాలావరకు నత్రజని. పొగను చల్లార్చి, అమైన్ అనే రసాయనం కలిపిన ద్రావణంలోంచి పంపితే, ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. సుమారు 120 డిగ్రీలకు వేడిచేస్తే వదిలేస్తుంది. ఆ వేడి ఎక్కడిది? టర్బైన్ తిప్పాల్సిన ఆవిరిదే! వాయువును ఒత్తిడితో పైపులోకి నెట్టే కంప్రెసర్లకూ కరెంటు కావాలి. అలా ప్లాంటు ఉత్పత్తిలో ఐదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, అక్కడే హరించుకుపోతుంది. పేచీ అంతా ఇక్కడే.

కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు ప్లాంటులో 2014లో ఈ పద్ధతి మొదలైంది. నిర్మాణానికి అక్కడి ప్రభుత్వం 24 కోట్ల కెనడా డాలర్లిచ్చింది. బ్రిటన్ 100 కోట్ల పౌండ్లిస్తానని పోటీ పెట్టి, 2015 నవంబరులో చేతులెత్తేసింది. అమెరికా మాత్రం భూమిలో దాచిన ప్రతి టన్నుకూ 85 డాలర్ల వరకు పన్ను రాయితీ ఇచ్చే చట్టం చేసింది. నా ఓటు ఈ పద్ధతికే. యంత్రాలకు డబ్బిస్తే ప్రారంభోత్సవం జరుగుతుంది, టన్నుకు లెక్కగట్టి ఇస్తేనే యంత్రాలు నడుస్తాయి.

మన దేశంలో ఎన్టీపీసీ 2022లో వింధ్యాచల్‌లో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు పెట్టింది. నేలటూరు యూనిట్ ఒకటి అంత వాయువును రెండు నిమిషాల్లోపే వదిలేస్తుంది.

(దృశ్యం: కోస్తా తీరం పటం)

దాచడానికి 800 మీటర్లకన్నా లోతున, పైన గట్టి మూత ఉన్న రాతిపొరలు కావాలి. చమురు, గ్యాస్ బావులున్న కృష్ణా-గోదావరి బేసిన్ మనకు ఉత్తరాన ఉంది. అక్కడిదాకా పైపులైను వేయాలి, ముందుగా పొరలను పరీక్షించాలి. ఈ పరీక్షల ఖర్చును ఏ ప్రైవేటు సంస్థా ముందుకొచ్చి భరించదు.

ఇక ఆ ఐదో వంతు నష్టం సంగతి. ప్రభుత్వం భరించకపోతే అది విద్యుత్తు పంపిణీ సంస్థల (డిస్కంల) ద్వారా విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు, అక్కడి నుంచి మన బిల్లులోకి వస్తుంది. చార్జీలపై మండలి జరిపే బహిరంగ విచారణలో వినియోగదారులెవరైనా అభ్యంతరం చెప్పవచ్చు.