హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు నడిచి వెళ్ళే దారి

అందరికీ నమస్కారం.

హుస్సేన్‌సాగర్ చుట్టూ పార్కులకు కొదవ లేదు. లుంబిని పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, సంజీవయ్య పార్కు, పీపుల్స్ ప్లాజా, 2023లో తెరిచిన లేక్ ఫ్రంట్ పార్కు ఉన్నాయి. అయినా చెరువుకు కూతవేటు దూరంలో ఉన్న ఎం.ఎస్. మక్తా, కవాడిగూడ, దోమలగూడ వాళ్ళకు పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచి రావడం కష్టమే. కారున్నవాళ్ళు మాత్రం కొండాపూర్ నుంచైనా వచ్చి, కాసేపు కూర్చుని వెళ్తారు. పార్కును మళ్ళీ డిజైన్ చేయాలన్నప్పుడల్లా మన చూపు నీటి వైపే పోతుంది. కొత్త రెయిలింగ్, కొత్త లైట్లు, కొత్త ఫౌంటెన్ అంటాం. అసలు లోపం ఊరి వైపు ఉంది. ఖర్చు కూడా అటే పెట్టాలి.

ముందు పడమటి ఒడ్డు సంగతి. నాంపల్లి నుంచి ఖైరతాబాద్ మీదుగా బేగంపేటకు పోయే రైలు పట్టాలు బస్తీలకూ చెరువుకూ మధ్య గోడలా ఉన్నాయి. పట్టాలు దాటినవాళ్ళకు నెక్లెస్ రోడ్డు అడ్డం. పట్టాలు దాటించాలనగానే అందరూ ఫుట్ ఓవర్ బ్రిడ్జి అంటారు. లెక్క వేసి చూడండి. పట్టాల మీద 25 వేల వోల్టుల కరెంటు తీగ ఉంది కాబట్టి వంతెన అడుగుభాగమే ఆరున్నర మీటర్ల పైన ఉండాలి. దూలం మందం కలిపితే మనిషి నడిచే మట్టం ఏడు మీటర్లు దాటుతుంది. 15 సెంటీమీటర్ల మెట్లయితే దాదాపు 47 ఎక్కాలి, మళ్ళీ అన్నీ దిగాలి. వీల్‌ఛైర్‌కూ, పిల్లల బండికీ ర్యాంపు కావాలంటే 12 మీటర్ల నడకకు ఒక మీటరు ఎత్తు చొప్పున 84 మీటర్లు, ప్రతి 9 మీటర్లకూ మీటరున్నర ఆగే చోటు కలుపుకుంటే ఒక్కో వైపు దాదాపు 98 మీటర్లు. ఇరుకు బస్తీలో అంత స్థలం ఎక్కడిది? లిఫ్టు పెడితే మనిషి కావాలి, కరెంటు కావాలి, ఆగిపోతే బాగు చేయించే నాథుడు కావాలి. చివరికి జనం పట్టాల మీదే నడుస్తారు. అది వాళ్ళ క్రమశిక్షణ లోపం కాదు, మనం గీసిన డ్రాయింగు లోపం.

అందుకే పట్టాలు చుట్టుపక్కల నేల కన్నా ఎత్తుగా, కట్ట మీద ఉన్నచోట పట్టాల కింద నుంచి పోయే సబ్‌వేనే నయం. మనిషికి మూడు మీటర్ల ఎత్తు చాలు. రైళ్ళు ఆపకుండానే, వేగం తగ్గించి నడుపుతూ, పట్టాలకు కింద గర్డర్ల ఆసరా ఇచ్చి, ముందే పోసిపెట్టిన కాంక్రీటు పెట్టెను హైడ్రాలిక్ జాకీలతో లోపలికి నెడతారు. రైల్వే వాళ్ళకు ఇది అలవాటైన పని. అయితే ఇలాంటి సబ్‌వేలు ఎక్కువగా చెడేది నీళ్ళతోనే. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్ల ఎత్తులో ఉంది. సబ్‌వే అడుగు అంతకన్నా కిందికి పోయిందంటే ఏడాది పొడవునా ఊట నీళ్ళను పంపు తోడాల్సిందే. కాబట్టి చోటు ఎంచుకునే ముందు పట్టాల మట్టం, వీధి మట్టం, చెరువు మట్టం మూడూ ఒకే కాగితం మీద గీయండి. పక్క వీధి వాననీరు లోపలికి దిగకుండా ర్యాంపు మొదట్లో ఒక చిన్న ఉబ్బు, దానికి ముందు జాలీ కాలువ, ర్యాంపుకు పైకప్పు తప్పనిసరి.

రెండో ఇబ్బంది భయం. మూడు మీటర్ల వెడల్పున్న చీకటి సొరంగంలోకి సాయంత్రం ఏ ఆడపిల్లా దిగదు. వెడల్పు కనీసం ఐదు మీటర్లుండాలి. లోపల మలుపులు ఉండకూడదు. ఈ కొసన నిలబడితే ఆ కొసన చెరువు గాలీ వెలుతురూ తెలియాలి. బస్తీ వైపు మొహం దగ్గర టీ బండికీ, పూల బండికీ చోటు ఇవ్వండి. కెమెరా కన్నా అక్కడ కూర్చునే మనుషులే ఎక్కువ కాపలా.

సబ్‌వే దాటిన మనిషికి ఎదురుగానే నెక్లెస్ రోడ్డు దాటే చోటు ఉండాలి. యాభై మీటర్లు పక్కకు జరిపితే జనం డివైడర్ ఎక్కి దూకుతారు. ఆ దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకే, అంటే 15 సెంటీమీటర్లకు లేపాలి. బండ్లు తమంతట తామే నెమ్మదిస్తాయి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రోడ్డుకు అడ్డంగా లేపిన దిమ్మె వాననీటికీ అడ్డమే. పల్లానికి ఎగువ పక్కన జాలీ కాలువ వేయకపోతే మొదటి వానకే మడుగు కడుతుంది, మర్నాడే ఎవరో దిమ్మెను పగలగొట్టిస్తారు. 14 మీటర్ల రోడ్డు దాటడానికి సాధారణ నడకకు 12 సెకన్లు పడుతుంది, పెద్దవాళ్ళకు 16. మధ్యలో నిలబడడానికి రెండు మీటర్ల జాగా ఉంచాలి.

తూర్పు వైపు సమస్య వేరు. ట్యాంక్‌బండ్ మనకు రోడ్డులా కనిపిస్తుంది కానీ అది 16వ శతాబ్దపు మట్టికట్ట. లోయర్ ట్యాంక్‌బండ్ నుంచి పైకి ర్యాంపు కావాలని కట్ట అడుగును తవ్వకూడదు. తవ్వితే ఊట దారి మారి మట్టి కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ర్యాంపు సొంత స్తంభాల మీద, కట్ట పాదానికి ఎడంగా నిలబడాలి, పైన మాత్రమే కట్టను తాకాలి. దిగువ వాలు మీద లాన్ వేసి స్ప్రింక్లర్లు పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. రోజూ తడిగా ఉండే వాలు మీద కట్ట ఊట కనిపించదు. ప్రమాదం ముదిరాకే తెలుస్తుంది. పెద్ద వేళ్ళ చెట్లూ వద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్ళిన చోట నీటికి దారి ఏర్పడుతుంది.

వినాయక నిమజ్జనాన్ని మరిచి గీసిన ఏ డిజైనూ చెరువు చుట్టూ నిలవదు. క్రేన్లు నిలిచే చోట నడక దారికి వేసే 60 మిల్లీమీటర్ల మందం పేవర్ ఇటుకలు చితికిపోతాయి. అక్కడ 80 మిల్లీమీటర్లవి, కింద గట్టి కాంక్రీటు పరుపు ఉండాలి. బండ్లను ఆపే పొట్టి స్తంభాలు, అంటే బొల్లార్డులు, నేలలోని గొట్టంలో దిగేసి తాళంతో తీసేలా ఉండాలి.

కంచెల గురించి ఒక్క మాట. బోటుకు టికెట్ పెట్టండి, లేజర్ షోకు పెట్టండి. నీళ్ళ దాకా నడిచే నేలకు మాత్రం వద్దు. 2021 ఆగస్టు నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపినప్పుడు జనం ఎలా తరలివచ్చారో చూశాం. దారి ఇస్తే చాలు, రమ్మని పిలవక్కర్లేదు.

సియాటిల్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ ఊరికీ సముద్రానికీ మధ్య 1950ల నుంచి రెండంతస్తుల హైవే వంతెన ఉండేది. 2001 భూకంపంలో దెబ్బతింది. 2019లో ట్రాఫిక్‌ను సొరంగంలోకి మళ్ళించి వంతెనను కూల్చారు. 2024లో పైక్ ప్లేస్ మార్కెట్ నుంచి ఒడ్డుకు దిగే నడకదారి తెరిచారు. ముందు అడ్డు తీశారు, ఆ తర్వాతే పార్కు. మనం పట్టాలు తీయలేం. కానీ వాటి కింద రెండు మూడు మంచి దారులు తెరవగలం.

పని వరుస ఇలా ఉండాలి. అన్నిటికన్నా ఆలస్యమయ్యేది రైల్వే అనుమతి కాబట్టి ఆ డ్రాయింగే మొదట పంపాలి. అది తిరిగొచ్చేలోపు రంగు, ప్లాస్టిక్ బొల్లార్డులతో నెక్లెస్ రోడ్డు మీద దాటే చోట్లు గీసి, ఎంతమంది వాడుతున్నారో వారం రోజులు గంటవారీగా లెక్కపెట్టాలి. చోటు తప్పనిపిస్తే కాంక్రీటు పోయకముందే జరపవచ్చు. కూకట్‌పల్లి నాలా మురుగు చెరువులో కలవకుండా మళ్ళించే పని కూడా ఈలోపే పూర్తికావాలి. వేసవి కంపు అలాగే ఉంటే దారి వేసినా రెండోసారి ఎవరూ రారు. చివరిగా, సబ్‌వే పంపుకూ లైట్లకూ కరెంటు బిల్లు ఏ శాఖ కడుతుందో, పూడిక ఏ శాఖ తీస్తుందో ఒప్పందంలో పేరుతో సహా రాయించాకే టెండరు పిలవండి.