డైరెక్టరీలలో వెబ్‌సైట్ నమోదు: డబ్బు పెట్టదగ్గ పనేనా?

నమస్కారం. మీ వెబ్‌సైట్‌ను ఐదు వందల డైరెక్టరీలలో, అంటే వెబ్‌సైట్లను విభాగాలవారీగా చూపే జాబితాలలో, నమోదు చేసి పెడతామంటూ అమ్మే ప్యాకేజీలను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. అలాంటిదొకటి నేనూ కొన్నాను కనుక, చేతులు కాల్చుకున్న అనుభవంతోనే చెబుతున్నాను.

ఒకప్పుడు ఈ పనికి నిజంగానే విలువ ఉండేది. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలుపెట్టిన యాహూ తొలిరూపం వెబ్‌సైట్ల జాబితాయే. 1998లో వచ్చిన డీమాజ్ అనే డైరెక్టరీలో స్వచ్ఛంద సంపాదకులు ఒక్కొక్క సైటునూ తెరిచి చూసి తగిన విభాగంలో చేర్చేవారు. లింకులను బట్టి పేజీకి విలువ కట్టే పద్ధతి సెర్చ్ ఇంజిన్లలో స్థిరపడ్డాక, చదివేవారి కోసం కాక కేవలం లింకులు ఇవ్వడానికే డైరెక్టరీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్, అంటే లింకులతో మోసగించే సైట్లను వెనక్కి నెట్టే మార్పు, వాటి ఆట కట్టించింది. యాహూ డైరెక్టరీ 2014 చివరలో, డీమాజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి. నాసిరకం డైరెక్టరీల లింకులను గూగుల్ నియమావళి నేటికీ లింక్ స్పామ్‌గానే, అంటే ర్యాంకు పెంచుకోవడానికి పెట్టే దొంగ లింకులుగానే, పరిగణిస్తోంది.

ఇక నేను కొన్న ప్యాకేజీ సంగతి. నా సైటును చేర్చిన ఒక పేజీని తెరిచి చూస్తే, గృహోపకరణాల విభాగంలో రుణాలిచ్చేవారు, పెళ్లి ఫోటోలు తీసేవారు, దంతవైద్యులు వరుసగా కనిపించారు. నా సైటు గురించిన నాలుగు వాక్యాలు, అచ్చుతప్పుతో సహా, అన్ని డైరెక్టరీలలోనూ ఒకేలా ఉన్నాయి. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో లింకుల సంఖ్య పెరిగిన మాట నిజమే గానీ, వాటి ద్వారా సైటుకు వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. నమోదుకు ఇచ్చిన ఈమెయిల్‌కు మాత్రం ప్రకటనలు ముంచెత్తాయి. తరువాత ఫోన్ నంబరు మారినప్పుడు, పాత నంబరును తొలగించమని ఎవరికి రాయాలో కూడా తెలియలేదు.

అలాగని డైరెక్టరీలన్నిటినీ ఒకే గాటన కట్టలేము. దుకాణమో కార్యాలయమో ఉన్నవారికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, బింగ్ ప్లేసెస్ తప్పనిసరి, రెండూ ఉచితమే. పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్నిచోట్లా ఒకేలా ఉండేటట్లు చూసుకోవాలి. మీ వృత్తి సంఘం సభ్యుల జాబితాలో ఉన్నది నోఫాలో లింకే (ర్యాంకుకు లెక్కించవద్దని సెర్చ్ ఇంజిన్లకు సూచించే లింకు) అయినా వదులుకోవద్దు, ఎందుకంటే ఆ జాబితాను పని అప్పగించదలచినవారు చూస్తారు. మీరు అందించే సేవ పేరుతో వెతికినప్పుడు మొదటి పేజీలో ఏ డైరెక్టరీ కనిపిస్తే, అందులో నమోదుకు ఒక పూట కేటాయించవచ్చు. లింకు ఇవ్వాలంటే తమ లింకును మీ హోమ్ పేజీలో పెట్టమని షరతు పెట్టే డైరెక్టరీ అయితే ఆ ఫారమ్‌ను అక్కడే మూసేయండి.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ కొన్నవారు కంగారుపడనవసరం లేదు. 2016లో వచ్చిన పెంగ్విన్ నాలుగో రూపం నుంచి ఇటువంటి లింకులను గూగుల్ చాలావరకు లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోంది. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ నోటీసు, అంటే గూగుల్ సిబ్బంది మీ సైటుపై చర్య తీసుకున్నట్లు తెలిపే నోటీసు, వస్తేనే డిసవౌ టూల్ (ఫలానా లింకులను లెక్కించవద్దని గూగుల్‌ను కోరే సాధనం) జోలికి వెళ్లండి. నాకు ఆ నోటీసు రాలేదు కనుక, ఆ లింకులను ఎక్కడివక్కడే వదిలేశాను.