నీళ్లు కుదిరితేనే మార్బుల్ కాగితం

హోస్ట్: నల్గొండ నుంచి శ్రోతలకు నమస్కారం. పాత బైండు పుస్తకాల అట్ట తెరవగానే లోపలివైపు కనిపించే మార్బుల్ కాగితం ఎలా తయారవుతుందో చెప్పడానికి, బైండింగ్ పనిలో ఆరితేరిన అతిథి మనతో ఉన్నారు. అన్నా, ముందుగా సిద్ధం చేయవలసింది రంగులనేనా?

అతిథి: కాదమ్మా, నీళ్లను. 2014లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరిన టర్కీ ఎబ్రూ, అంటే నీటిపై రంగులు తేల్చి ఇలాంటి కాగితం చేసే కళలో, ట్రాగకాంత్ అనే చెట్టుజిగురును నీటిలో నానబెట్టి, వడగట్టి, వెడల్పాటి తొట్టిలో పోస్తారు. సముద్రపు నాచు నుంచి తీసే క్యారగీనన్ పొడిని వాడేవారూ ఉన్నారు. నీరు చిక్కబడితేనే పైన వేసిన రంగు మునగకుండా తేలుతుంది. మన బోరు నీళ్ల వంటి కఠినజలంలోని కాల్షియం ఈ చిక్కదనాన్ని చెడగొడుతుంది కనుక, వాననీరో డిస్టిల్డ్ వాటరో వాడాలని నేను గట్టిగా చెబుతాను.

హోస్ట్: మరి రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోవా?

అతిథి: కలవవు. రంగులో కలిపే ఎద్దు పిత్తం తలతన్యతను, అంటే ద్రవం పైపొర బిగువును, తగ్గించడం వల్ల ప్రతి చుక్కా విచ్చుకుంటూ పక్క రంగును నెట్టుతుంది. తరువాత వేసే రంగు ముందున్న వాటిని తోసుకుని చోటు చేసుకోవాలి కాబట్టి దానికి పిత్తం కొంచెం ఎక్కువ పట్టాలి. ఈ పాళ్లు చేతికి అలవడడమే అసలు విద్య అని నా నమ్మకం. ఆ తరువాత పుల్లతోనో దువ్వెనతోనో రంగును లాగి నమూనా గీస్తారు.

హోస్ట్: అది కాగితానికి అంటుకునేదెలా?

అతిథి: ముందే పటిక నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితాన్ని, గాలి బుడగలు చిక్కకుండా ఒక మూల నుంచి మెల్లగా తొట్టిలో తేలే రంగులపై పరచాలి, బుడగ పడినచోట తెల్లమచ్చ మిగులుతుంది. ఫ్లోరైడ్ తొలగించే నల్గొండ పద్ధతిలో సున్నంతో పాటు వాడేదీ ఈ పటికనే. ఇక్కడ అది రంగును కాగితానికి పట్టి ఉంచుతుంది. ఒక నమూనా ఒకే కాగితానికి వస్తుంది.

హోస్ట్: దక్కనుకు ఈ కళతో సంబంధం ఉందా?

అతిథి: ఎందుకు లేదమ్మా! పాలమూరుకు పడమటనున్న బీజాపూర్‌లో 17వ శతాబ్దపు చిత్రకారులు ఈ పద్ధతితో బొమ్మలనే తీర్చారు. వద్దనుకున్న భాగాన్ని కప్పి ఉంచి, మిగిలిన చోటికే రంగు పట్టేలా చేయడం ఎంత ఓర్పుతో కూడిన పని! ఎముకలు తేలిన గుర్రం దేహమంతా ఈ అలల రంగులతోనే కనిపించే దక్కను చిత్రం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

హోస్ట్: కొత్తగా నేర్చుకునేవారు ఎలాంటి కాగితం కొనాలి?

అతిథి: నున్నటి పూత ఉన్నది వద్దు. కాల్షియం కార్బొనేట్ కలిపి చేసిన కాగితంపై పటిక సరిగా పనిచేయక, కడిగినప్పుడు రంగు జారిపోతుంది. అందువల్ల కట్ట మొత్తం కొనేముందు ఒక ముక్కకు పటిక పూసి పరీక్షించుకోవాలి.